మా రూమ్‌లో ముప్పై ఐదుగురం

హాస్టల్ రిజిస్టర్ ప్రకారం మా రూమ్‌లో నలుగురం. కానీ పోయిన అక్టోబర్‌లో కొన్ని రోజులు మేం ముప్పై ఐదుగురం. మిగతా 31 మంది ఒక స్వీట్ల డబ్బాలో ఉండేవాళ్లు. ఒక్కొక్కరు చీమంత, ఎర్రగా, ఆరు కాళ్లతో. వాళ్లలో ఒక్కరు కూడా పెద్దవాళ్లు కాలేదు. కారణం నేనే. మీలో ఎవరికైనా పురుగుల్ని పెంచే సరదా ఉంటే నా తప్పు మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

ఇంతకీ ఏంటీ పురుగు?

ఇంగ్లీషులో అసాసిన్ బగ్ అంటారు. తెలుగులో హంతక నల్లి అనుకుందాం. ఈ కుటుంబం పేరు రెడువిడే. ప్రపంచంలో దాదాపు 7,000 జాతులున్నాయి. మన సీఎస్‌ఈ వాళ్లు ప్రతి తప్పునీ బగ్ అంటాం గానీ, బయాలజీ వాళ్లు ప్రతి పురుగునీ బగ్ అనరు. సూదిలాంటి ముక్కుతో గుచ్చి పీల్చే గుంపు మాత్రమే అసలైన బగ్స్. మంచంలో నల్లి, పొలంలో పచ్చదోమ కూడా ఆ గుంపువే.

హంతక నల్లికి నమిలే నోరు లేదు. లద్దెపురుగు దొరికితే ముందుకాళ్లతో పట్టుకుని ముక్కు దించుతుంది. ఆ ముక్కులోంచి విషం కలిసిన లాలాజలం ఎక్కిస్తుంది. పురుగు కదలడం ఆగిపోతుంది, లోపలి కండ జావలా కరిగిపోతుంది. ఆ జావని మనం స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టు తాగేస్తుంది. చివరికి మిగిలేది ఖాళీ తోలు. 2018లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ పరిశోధకులు అక్కడి ఒక జాతిలో ఇంకో విషయం బయటపెట్టారు. వేటకి ఒక విషం, తనని ఎవరైనా పట్టుకుంటే ఇంకో విషం, రెండూ గ్రంథిలోని వేరువేరు భాగాల నుంచి వస్తాయట.

ఏ జాతిని పెంచాలి?

యూరప్, అమెరికాల్లో ఈ పురుగుల్ని పెంచేవాళ్లలో చాలామందికి ఇష్టమైనది ఆఫ్రికా జాతి, ప్లాటిమెరిస్ బైగటేటస్. నల్లటి ఒళ్లు, రెక్కల మీద రెండు తెల్లటి చుక్కలు. గుడ్లని ఒక్కొక్కటిగా మట్టిలో వదిలేస్తుంది కాబట్టి పిల్లల్ని తీయడం తేలిక. కానీ కోపమొస్తే విషాన్ని ఒక అడుగు దూరం దాకా చిమ్మగలదు. కంట్లో పడితే నరకం. పైగా అది ఇక్కడి పురుగు కాదు. రేపు మన డబ్బాలోంచి తప్పించుకుంటే ఇక్కడ ఏం తింటుందో, ఎవరిని తింటుందో మన చేతిలో ఉండదు. అందుకే నేను మన పొలాల్లో తిరిగేదాన్నే పెంచాను. దాని పేరు రైనోకోరిస్ మార్జినేటస్.

ఒక జాగ్రత్త. ఇదే కుటుంబంలో మనుషుల రక్తం తాగే జాతులూ ఉన్నాయి. లాటిన్ అమెరికాలో అవే చాగస్ జబ్బుని మోస్తాయి. ఆ సంగతి 1909లో బ్రెజిల్ డాక్టర్ కార్లోస్ చాగస్ చెప్పాడు. అలాంటి రక్తం తాగే జాతులు మన దేశంలోనూ ఉన్నాయి. వాటి ముక్కు సన్నగా, తిన్నగా ఉంటుంది. వేటాడే జాతుల ముక్కు లావుగా, కొక్కెంలా వంగి ఉంటుంది. ముందు ముక్కు చూడండి. తేడా తెలియకపోతే ముట్టుకోకండి.

నాకెలా దొరికింది?

దసరా సెలవుల్లో అనంతపురం జిల్లాలో మా ఊరికి వెళ్లాను. చెనక్కాయ చేలో ఎరుపు, నలుపు కలిసిన పురుగు ఒకటి తనకంటే లావుగా ఉన్న లద్దెపురుగుని పీలుస్తోంది. చెయ్యి పెట్టబోతే మా జేజినాయన అరిచాడు. "దాని జోలికి పోవద్దురా, కరిస్తే మండుతాది!" నిజమే, వేటాడే జాతులు కూడా కుడతాయి, బాగా నొప్పి. అందుకే చేత్తో పట్టుకోకూడదు. గ్లాసు బోర్లించి కింద అట్టముక్క దూర్చాలి. అలా రెండు పట్టాను. లావుగా ఉన్నది ఆడది. హాస్టల్‌కి వచ్చిన వారానికి మూత లోపలివైపు గుడ్లు పెట్టింది. ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, జిగురుతో అతికించినట్టు. తొమ్మిదో రోజు పొద్దున 31 పిల్లలు.

నా తప్పు

అన్నిటినీ ఒకే డబ్బాలో ఉంచాను. ఆదివారం మేత వేశాను, సోమవారం నుంచి ఇంటర్నల్స్. గురువారం మూత తీస్తే ఆరే మిగిలాయి. మిగతావి ఖాళీ తోళ్లు. ఆకలేసినప్పుడు ఇవి ఒకదాన్నొకటి తింటాయి. అన్నిటికంటే ముందు బలయ్యేది అప్పుడే పాత తోలు విడిచిన పిల్ల. ఒళ్లింకా మెత్తగా ఉంటుంది, పారిపోలేదు.

ఆ ఆరింటిలో ఒకటి తోలులో ఇరుక్కుని కొట్టుకుంటోంది. పాపం అనిపించి ట్వీజర్‌తో లాగాను. కాలు ఊడొచ్చింది, సాయంత్రానికి చచ్చిపోయింది. మిగతా ఐదూ కూడా పెద్దవి కాలేదు. ఫోన్ చేసి "మోల్టింగ్‌లో చచ్చిపోయింది" అని ఎలా చెప్పాలో తెలీక తంటాలు పడుతుంటే జేజినాయనే అన్నాడు. "కుబుసం ఇడిచేటప్పుడు పామునైనా ముట్టుకోరాదు. నువ్వు పురుగుని లాగితివా?" కుబుసం అనే మాట నేను నేర్చుకున్నది అప్పుడే.

రెండోసారి ఏం మార్చాను?

ఇల్లు: తల్లి నవంబర్‌లో మళ్లీ గుడ్లు పెట్టింది, 27 పిల్లలు వచ్చాయి. మూడోరోజే ఒక్కోదాన్ని ఒక్కో టీ గ్లాసులోకి మార్చాను. పైన పల్చటి గుడ్డ, రబ్బర్ బ్యాండ్. లోపల నిలువుగా మడతలు పెట్టిన కాగితం. కుబుసం విడిచేటప్పుడు పిల్ల తలకిందులుగా వేలాడుతుంది. నున్నటి ప్లాస్టిక్ మీద పట్టు దొరక్క పడిపోతుంది.

మేత: అమ్మ పారేద్దామనుకున్న, గూళ్లు కట్టిన జొన్నలు తెచ్చుకున్నాను. అందులోని తెల్లపురుగులే మేత. చిన్నపిల్లలకి చిన్నవే వేయాలి. మందు కొట్టిన చేలో పురుగులు తెచ్చి వేయకండి, తిన్నవి కూడా చస్తాయి.

నీళ్లు: తడి చేసి బాగా పిండిన దూది ముక్క. రోజూ మార్చాలి, లేకపోతే బూజు.

కుబుసం: పెద్దయ్యేలోపు ఐదుసార్లు విడుస్తాయి. మేత ముట్టకుండా ఒకచోట వేలాడుతుంటే టైమ్ వచ్చినట్టే. మిగిలిన మేత బయటికి తీసేసి, గ్లాసు కదపకుండా వదిలేయాలి. విడిచిన వెంటనే ఒళ్లు నిగనిగలాడే ఎరుపు, ఆ తర్వాత నలుపు తేలుతుంది. రంగు తేలి ఒళ్లు గట్టిపడేదాకా మేత వద్దు. చూస్తూ చేతులు కట్టుకోవడమే మన పని. నాకు అన్నిటికంటే కష్టమైంది అదే.

27లో 19 పెద్దవయ్యాయి.

ఆ తర్వాత

సంక్రాంతికి వాటిని దొరికిన ఊరికే తీసుకెళ్లాను. చెనక్కాయ అయిపోయింది, కంది చేను ఇంకా ఉంది. కాయల్లో లద్దెపురుగు ఉందని జేజినాయన మరుసటి రోజు మందు కొట్టాలనుకుంటున్నాడు. ఆ మందుకి లద్దెపురుగు ఏదో, దాన్ని తినేది ఏదో తెలీదు. కొట్టొద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పంట పోతే నేనేం ఇవ్వగలను? 19 పురుగులు ఒక చేనుని కాపాడతాయని నేనే నమ్మను.

గ్లాసులన్నీ అరుగు మీద వరసగా పెట్టాను. ఆయన ఒంగి ఒక్కోదాన్నీ చూశాడు. "అన్నీ నువ్వు సాకినవేనా?"

"అవును జేజినాయనా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "గట్టు పక్క రెండు సాళ్లు నీకు ఇడిచిపెడతా. ఆటికి మందు కొట్టను. పో, ఇడిసిపెట్టి రా."