పీ.డి.ఎఫ్. పత్రముల మార్పిడి: చిక్కులు, పరిష్కారములు

లబ్ధిదారుల జాబితాలు నేడు తరచుగా పీ.డి.ఎఫ్. రూపమున వచ్చుచున్నవి. వానిని బ్రౌజరులో వర్డ్ పత్రముగా మార్చునపుడు అక్షరములు చెడినచో, ఒక వృద్ధురాలి పేరు తప్పిపోయి పింఛను నిలిచిపోవచ్చును. కనుక కారణము నెరుగుట మన కర్తవ్యము.

1993లో వెలువడిన ఈ రూపము అక్షరము పుటపై ఎచట నుండవలెనో ముఖ్యముగా తెలుపును. పట్టికలు చెదరుటకు ఇదియే కారణము.

మొదట ఒక పంక్తిని మౌసుతో ఎంచి చూతము. అక్షరములు పట్టుబడనిచో అది స్కాను చేసిన బొమ్మ. బొమ్మలోని అక్షరములను గుర్తించు ఓ.సి.ఆర్. సాధనమున తెలుగును ఎంచుకొనవలెను. పట్టుబడియు, వేరొకచోట అతికించినపుడు అర్థములేని గుర్తులు వచ్చినచో, అది బహుశః యూనికోడ్ కాని పాత ఫాంటు. పంపినవారినే యూనికోడ్ ప్రతి కోరుట మేలు. మార్పిడి నడుమ ఆగినచో, ఫైలు పెద్దదేమో, పాస్‌వర్డు కలదేమో చూడవలెను. పెద్దదైనచో పుటలను విభజింపవచ్చును.

అనేక వెబ్‌సైట్లు పత్రమును తమ సర్వరునకు చేర్చుకొనియే మార్చును. కావున ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్యలున్న పత్రములను అపరిచిత సైట్లకు ఇవ్వరాదు. కార్యాలయపు కంప్యూటరులోనే పనిచేయు ప్రోగ్రామును వాడుదము.

మార్పిడి ముగిసిన పిదప మూలప్రతిని ఒకరు చదువుచుండగా మరొకరు పేర్లను, అంకెలను సరిచూడవలెను. ఆ పిమ్మటనే సంతకము చేయుదము.