ఖాళీ రిజిస్టరు

బుజ్జీ,

ఆస్పత్రి క్వాలిటీ విభాగంలో చేరి రెండు నెలలు కాలేదు, నిన్న ఫోన్లో "మా వార్డుల్లో మూడు నెలలుగా ఒక్క తప్పు కూడా నమోదు కాలేదత్తా" అని సంబరపడ్డావు. ఆ మాటకు నాకు రాత్రి నిద్ర పట్టలేదమ్మా.

నేను నర్సుగా నైట్ డ్యూటీలు చేసే రోజుల్లో మా ఇంజెక్షన్ ట్రేలో పొటాషియం క్లోరైడ్, డిస్టిల్డ్ వాటర్ ఆంపూల్స్ పక్కపక్కనే ఉండేవి. చూడ్డానికి కవలపిల్లలే. ఒక రాత్రి మూడింటప్పుడు కొత్తగా వచ్చిన సిస్టర్ యాంటీబయాటిక్ పొడి కలపడానికి నీళ్లనుకుని పొటాషియం తీసింది. సిరంజిలోకి లాగాక ఎందుకో లేబుల్ చూసి ఆగిపోయింది. పలచన చేయకుండా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోయే మందు అది. తెల్లారగానే వణుకుతూ తనే వెళ్లి పైవాళ్లకు చెప్పింది. మెమో ఇచ్చారు. ట్రే మాత్రం అక్కడే ఉంది. ఆ తర్వాత రెండేళ్లు ఆ వార్డు తప్పుల రిజిస్టరులో ఒక్క అక్షరం పడలేదు. మంచి వార్డని మెచ్చుకున్నారు కూడా.

2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగుల భద్రతకు తొమ్మిది జాగ్రత్తలు చెప్పింది. ఒకేలా కనిపించే, వినిపించే మందుల పేర్ల సంగతీ, పొటాషియం లాంటి గాఢ ద్రావణాల సంగతీ అందులో ఉన్నాయని తెలిసి నాకు ఏడుపొచ్చింది. ఆ పిల్ల ఆ పొద్దున చెప్పింది అదే కదా!

అందుకే నువ్వు కంప్యూటర్ ముందు నుంచి లేచి, రాత్రి షిఫ్టు హ్యాండోవర్ ఇచ్చే చోట కొన్నాళ్లు నిలబడు. తప్పు ఎవరు చేశారని అడగకు, అది దూరడానికి ఎక్కడ సందు దొరికిందో అడుగు. వచ్చి చెప్పిన మనిషికి ఆ రోజే ధన్యవాదాలు చెప్పు. వారం తిరిగేలోగా అక్కడ ఒక్క చిన్న మార్పయినా ఆమె కళ్లకు కనబడాలి. మంచం దగ్గర శానిటైజర్ సీసా పెట్టించకుండా చేతులు కడగలేదని నర్సు పేరు పక్కన ఇంటు కొట్టకు. అసెస్‌మెంటు ముందు రాత్రి కూర్చుని పాత తేదీలతో చెక్‌లిస్టులు నింపమంటే, ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే, ఒప్పుకోకు.

లెక్కలు చూపిస్తే డాక్టర్లు విసుక్కుంటున్నారన్నావు. ఇది కొత్తేం కాదు. 1847లో వియన్నా ప్రసూతి ఆస్పత్రిలో సెమ్మెల్వైస్ అనే డాక్టరు, క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించి, నూటికి 18 దాకా వెళ్లిన బాలింతల మరణాలను కొద్ది నెలల్లోనే రెండుకు దించాడు. అయినా తోటివాళ్లు చాలామంది నమ్మలేదు. చివరికి ఆయన బహిరంగ లేఖల్లో వాళ్లను హంతకులన్నాడు. ఆ కోపం న్యాయమైనదే. కానీ దానివల్ల కొత్తగా ఎన్ని చేతులు కడిగారు? నువ్వు లెక్కలు తీసుకెళ్లేటప్పుడు ఆ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని వెంట తీసుకెళ్లు. ముందు ఆమెనే మాట్లాడనీ.

సంక్రాంతికి వచ్చేటప్పుడు, మీ రిజిస్టరులో మొట్టమొదట ఏం రాశారో నాకు చెప్పాలి. రాసిన పిల్లతో నువ్వేమన్నావో కూడా.

మీ అత్త