గదిలో ధ్వని: స్పీకర్లు ఎక్కడ పెట్టాలి?

బడిలో ప్రతిధ్వని పాఠం మనమందరం చదివినదే. అడ్డుగోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉంటేనే ప్రతిధ్వని విడిగా వినబడుతుందని రాసి రెండు మార్కులు తెచ్చుకున్నాం. మా హాస్టల్ గది పొడవు 4 మీటర్లే. కాబట్టి మనకా బాధ లేదనుకున్నాం. అది తప్పని పీజీలో గానీ తెలియలేదు.

మా గదిలో ఐదుగురం. ఒక మిత్రునికి చూపు లేదు. అతని పుస్తకాలను మేమే వంతులవారీగా చదివి సెల్‌ఫోనులో రికార్డు చేసేవాళ్ళం. పరీక్షల ముందు అందరం కలిసి విందామని పాత స్పీకర్లు రెండు తెచ్చి మూలకొకటి పెట్టాం. ఇయర్‌ఫోనులో స్పష్టంగా ఉన్న పాఠం ఇక్కడ ముద్దముద్దగా వచ్చింది. "పన్ను అన్నావా, మన్ను అన్నావా రా?" అని అతను అడిగాడు. సౌండు పెంచితే ఇంకా పాడైంది. అర్థశాస్త్రం పరీక్షకు పన్నెండు రోజులే ఉంది. కొత్తవి కొనమని దుకాణదారు చెప్పాడు. ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం, ఆ డబ్బు ఎవరిని అడుగుతాం?

అప్పుడు పాత పాఠాలు తిరగేశాం. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకునికి ఆ పని అప్పగించారు. అక్కడ ఒక్క మాట అయిదు సెకన్లకు పైగా మోగేది. ఆయన రాత్రిళ్ళు పక్క థియేటరు నుండి కుర్చీల మెత్తలు మోయించి, ఎన్ని మెత్తలకు ఎంత మోత తగ్గుతుందో కొలిచాడు. దీన్నే ప్రతినాదం అంటారు. ఆయన సూత్రం చిన్నది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో భాగిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది.

మా గది 4 × 3 × 3 మీటర్లు, అంటే 36 ఘనపు మీటర్లు. గోడలు, కప్పు, నేల కలిపి 66 చదరపు మీటర్లు. నున్నటి సిమెంటు తనమీద పడ్డ ధ్వనిలో నూటికి మూడు వంతులే పీల్చుకుంటుందనుకుంటే శోషణ సుమారు 2. ఖాళీ గదిలో ప్రతినాదం దాదాపు 2.9 సెకన్లు! మాటకు ఒక సెకను లోపు ఉండాలి. తెరిచిన కిటికీ మాత్రం నూటికి నూరూ పీల్చినట్టే లెక్క. సబైన్ కొలమానం కూడా అదే. కానీ దోమలు సబైన్‌ను చదవలేదు.

మెస్‌లో గుడ్ల అట్టలు అడిగి తెచ్చి అతికించాం. అదొక వృథా ప్రయాస. అవి సన్నటి శబ్దాలను కొంచెం పీలుస్తాయి తప్ప పెద్దగా పనికిరావు. పాత బొంతలే మేలు. గోడకు జానెడు ఎడంగా తాడు కట్టి వేలాడదీస్తే ఇంకా మేలు. ఎక్కడ కట్టాలి? వినేచోట ఒకరు కూర్చుని, ఇంకొకరు పక్కగోడ వెంట అద్దం జరపాలి. అద్దంలో స్పీకరు కనబడిన చోటే ధ్వని తగిలి తిరిగొస్తుంది. మా మిత్రునికి అద్దం అక్కరలేకపోయింది. చప్పట్లు కొడుతూ నడిచి, "ఇక్కడ గణగణ అంటోంది" అని చేయి పెట్టాడు. అద్దంతో చూస్తే అక్కడికి బెత్తెడు తేడా!

బొంతకు లొంగనిది బొంగురు శబ్దం. ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టించి ధ్వని వేగం 343ను దానితో భాగిస్తే గది ఏ పౌనఃపున్యం దగ్గర మోగుతుందో వస్తుంది. 3 మీటర్లకు 57 హెర్ట్జ్. మా గది వెడల్పు, ఎత్తు రెండూ మూడే కావడంతో ఆ మోత జంటగా పడింది. మూలలో పెట్టిన స్పీకరు దాన్ని మరీ రేపుతుంది. అందుకని స్పీకర్లను వెనక గోడకు మీటరు ముందుకు, ఒకదానికొకటి 1.6 మీటర్ల ఎడంగా, ట్రంకు పెట్టెల మీద చెవి ఎత్తున పెట్టి, కొద్దిగా లోపలికి తిప్పాం. వినేవాడు రెండింటికీ అంతే దూరంలో, త్రిభుజం మూడో కొసన కూర్చోవాలి. గోడకు ఆనుకోకూడదు, గదికి సరిగ్గా నడిమధ్యా కూర్చోకూడదు. ఆ చోటు మిత్రునికిచ్చి మేం నలుగురం చుట్టూ సర్దుకున్నాం.

అతను "పన్నేరా" అన్నాడు. ఆ పేపరు పాసయ్యాడు కూడా. చలికాలం రాగానే బొంతలు విప్పి కప్పుకున్నాం. గది మళ్ళీ మోగడం మొదలుపెట్టింది.