గుల్లలలో కాపురముండు చేపలకు ఇల్లు కుదుర్చుట

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుదురు. ఇల్లు కట్టుట యెంత కష్టమో, ఆ యిల్లు కాపురమునకు తగియుండునట్లు చూచుట అంతకంటె కష్టము. ఈ మాట మనుష్యులకే గాక కొన్ని చేపలకును చెల్లును. ఆఫ్రికాఖండమందలి యొక సరస్సులో, చచ్చిన నత్తలు విడిచిన గుల్లలనే యిండ్లుగా జేసికొని, అందే గ్రుడ్లు పెట్టి, అందే పిల్లలను సాకెడి చిన్నచేపలు కలవు. వానిని గాజుతొట్టిలో పెంచదలచినవారు మొట్టమొదట విచారింపవలసినది ఆహారమును గూర్చి కాదు, గుల్లను గూర్చి. ఎట్టి గుల్ల తగును? ఎట్టిది తగదు? ఈ సంగతిని మేము పుస్తకములవలన కొంతయు, మా పొరపాటువలన కొంతయు నేర్చుకొంటిమి. ఆ రెండును విద్యార్థుల కుపయోగపడునని యిందు వ్రాయుచున్నాము.

ఆ సరస్సు పేరు టాంగన్యీకా. అది టాంజానియా, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రము, బురుండీ, జాంబియా అను నాలుగు దేశముల నడుమ సుమారు 670 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. మిక్కిలి లోతైన చోట దాని లోతు సుమారు 1,470 మీటర్లు. దాని నీరు క్షారగుణము గలది. అందు నియోథౌమా అను నొక నత్త నివసించును. ఈ నత్త నేడు ఆ సరస్సునందే తప్ప వేరొకచోట కానరాదు. దాని గుల్ల గుండ్రముగా, దళసరిగా, వెడల్పైన నోటితో నుండును. బాగుగా నెదిగినది 5, 6 సెంటీమీటర్ల యెత్తుండును. నత్త చచ్చినను, క్షారగుణము గల నీరగుటచే గుల్ల త్వరగా కరగిపోదు. అందువలన ఏండ్ల తరబడి గుల్లలు చేరి, కొన్నిచోట్ల అడుగున మేటలు వేసియున్నవి. రాతిసందులు లేని యా యిసుకనేలలో చిన్నచేపకు పెద్దచేప నోట బడకుండ దాగుటకు గుల్ల తప్ప వేరు దిక్కు లేదు.

ఇట్టి చేపలలో మూడింటిని గూర్చి చెప్పెదము. మొదటిది నియోలాంప్రొలోగస్ మల్టీఫాసియేటస్. పెక్కు చారలు గలది యని ఆ పేరున కర్థము. పోతుచేప 3, 4 సెంటీమీటర్లకు మించదు. పెంటిచేప అంతకంటె చిన్నది. ఇవి గుంపులుగా నుండి, నోటితో ఇసుకను త్రవ్వి, పూడిన గుల్లలను బయల్పరచి, ఒక పల్లెవలె కాపురముండును. రెండవది లాంప్రొలోగస్ ఓసెల్లేటస్. దాని మొప్పల మూతపై కన్నువంటి మచ్చ యుండును. ఇది ఇంచుమించు 5 సెంటీమీటర్లు పెరుగును. తన గుల్లను నోరు మాత్రమే కనబడునట్లు ఇసుకలో పాతిపెట్టి, దగ్గరకు వచ్చిన దానినెల్ల తరిమివేయును. మూడవది లాంప్రొలోగస్ కాలిప్టెరస్. దీని పోతుచేప గుల్లలను నోట గరచి మోసికొని వచ్చి కుప్పవేయును; పెంటిచేపలు వానిలో దూరి గ్రుడ్లు పెట్టును. పోతు పెంటికంటె సుమారు 12 రెట్లు బరువు! మోయువాడు పెద్దవాడు గావలెను, లోన దూరునది చిన్నది గావలెను. గుల్ల కొలతకును చేప మేని కొలతకును ఎంతటి సంబంధము గలదో దీనివలన తెలియుచున్నది.

ఈ సంబంధమును మరచుటయే మేము చేసిన తప్పు. మా పాఠశాల ప్రకృతిశాస్త్రపు గదిలోని గాజుతొట్టికై మొదట చెప్పిన చారలచేపలను ఆరింటిని తెప్పించితిమి. గుల్లలు తెండని విద్యార్థులతో చెప్పగా, వారు సముద్రతీరమున నేరినవియు, తిరునాళ్లలో కొన్నవియు దోసిళ్లతో తెచ్చిరి. వానిలో నొకటి పొడవుగా, గోపురమువలె మొనదేలి, చుట్టుచుట్టునకు గోధుమరంగు గీతలతో మిక్కిలి సొగసుగా నుండెను. దానిని తొట్టి నడుమ నుంచినది మేమే. మూడవ దినమున చేపలు ఐదే కనబడెను. ఆరవది దాగియున్నదని తలచితిమి. మరి నాలుగు దినములకు నీరు మసకబారి, వాసన పుట్టెను. అనుమానించి ఆ గుల్లను తీసి సుత్తితో పగులగొట్టగా, చేప తల ముందుకు బెట్టి, చుట్టు సన్నమైనచోట బిగుసుకొని చచ్చియుండెను. వెనుకకు మరలుటకు దానికి చోటు లేకపోయెను. తరగతి యంతయు చూచుచుండెను. గుల్ల తెచ్చిన బాలుడు తనదే తప్పని కంట తడిపెట్టెను. తప్పు తెచ్చినవానిది కాదు, ఎన్నుకొన్నవారిదని వానికి చెప్పితిమి.

అటుపిమ్మట అట్టి గుల్లను మరియొకదానిని సానరాతిపై సగమునకు అరగదీసి, లోపలి మార్గమును అందరికి చూపితిమి. నోరు వెడల్పే గాని, మొదటి చుట్టు దాటగనే దారి పెన్సిలంత సన్నమై యుండెను. అప్పుడు ఈ క్రింది నియమములను నల్లబల్లపై వ్రాసికొంటిమి.

మొదటిది ఆకారము. గుండ్రనిదై, కడపటి చుట్టు కడుపువలె ఉబ్బియుండు గుల్ల తగును. చేప లోన కొంతదూరము పోయి సుఖముగా తిరిగి రావలెను. గోపురమువలె సన్ననైనవి ప్రమాదకరములు. నోరు చీలికవలె నుండు గవ్వలు చేపకు పనికిరావు. ముండ్లుగల గుల్లలు మేనిని గీరును.

రెండవది కొలత. 3 మొదలు 5 సెంటీమీటర్ల చేపకు, అంతకంటె కొంచెము పెద్దదై, సుమారు 2 సెంటీమీటర్ల నోరుగల గుల్ల చాలును. మరీ పెద్దనోరైనచో శత్రువు కూడ లోన దూరును. అప్పుడది ఇల్లు గాదు, బాట. ఐరోపాలో ఈ చేపలను పెంచువారు, ఫ్రాన్సు దేశీయులు తినెడి నత్తల గుల్లలను వాడుదురు. మన వరిచేలలోను చెరువులలోను దొరకు పైలా అను నత్తగుల్ల పలుచనిదే గాని, గుండ్రనిది. దాని నోరు వెడల్పు గనుక ఓసెల్లేటస్ వంటి కొంచెము పెద్దచేపకు పెద్దగుల్లలును, చారలచేపకు చిన్నవియు ఏరవలెను.

మూడవది శుద్ధి. లోపల నత్తమాంసము మిగిలియున్న యెడల నీరు కుళ్లును. గుల్లను కాగిననీట ఉడికించి, లోన నీరు పోసి చిలికి, వాసన లేకుండువరకు కడుగవలెను. అంగడిలో రంగువేసినవియు, మెరుగునూనె పూసినవియు తొట్టిలో వేయరాదు. పగిలి అంచు వాడియైన దానిని సానరాతిపై నునుపు చేయవలెను. బ్రదికియున్న నత్తను గుల్లకొరకు చంపుట తగదు. కోతల పిమ్మట గట్లపై వట్టిగుల్లలు కావలసినన్ని దొరకును.

నాలుగవది లెక్కయు అమరికయు. చారలచేపల కొక్కొక్కదానికి మూడేసి గుల్లలైన నుంచవలెను. తక్కువైనచో బలముగలవి యాక్రమించి, బలహీనములను వెళ్లగొట్టును. అడుగున 5 సెంటీమీటర్ల మందమున సన్నని యిసుక పోసి, గుల్లల నోళ్లు మూసికొనిపోకుండ నుంచిన చాలును. మిగిలిన సర్దుబాటు చేపలే చేసికొనును.

గుల్ల సున్నపుపదార్థము. దాని ముక్కపై పులిసిన ద్రాక్షరసపు కాడిని, అనగా వెనిగరును, చుక్క వేసినచో బొగ్గుపులుసువాయువు బుడగలుగా లేచును. కావున ఆమ్లగుణముగల నీటిలో గుల్ల క్రమముగా కరగును. మా బావినీరు సబ్బు నురుగు లేవని కఠినజలము. బట్టలుతుకువారికి అది కష్టమే గాని, ఈ చేపలకు మాత్రము హితము.

ఈ నియమముల చొప్పున పదునెనిమిది గుల్లలను ఏర్చి తొట్టిలో నుంచితిమి. మొదటివారము చేపలు ఇసుక త్రవ్వుటయే పనిగా నుండెను. కొన్నినెలలకు ఒక ఉదయమున, మునుపు కంట తడిపెట్టిన బాలుడే పరుగెత్తివచ్చి మమ్ము పిలిచెను. అతడు పొలము గట్టున నేరిన, బురదరంగు చిన్న నత్తగుల్ల నోట, జీలకర్రగింజలంతటి పిల్లచేపలు నాలుగు మెదలుచుండెను. ఆ గుల్లకు రంగు లేదు, మెరుగు లేదు. దానిని ఎవ్వరును అలమరలో అలంకారమున కుంచుకొనరు.

విద్యార్థులారా, ఇతరులకొరకు ఏర్పరచు వస్తువును మన కంటితో గాక, దానిని వాడువారి కొలతతో చూడవలెను. సానరాతిపై అరగదీసిన ఆ గోపురపు గుల్ల నేటికిని మా బల్లపై నున్నది. క్రొత్తగా తరగతిలో చేరినవారికి మొదట దానినే చూపుచున్నాము.