ఆటకు వీడ్కోలు

పాఠ్యభాగ నేపథ్యం

క్రీడాకారుల విజయాలను వర్ణించే రచనలు మనకు విరివిగా లభిస్తాయి. వారు ఆటనుంచి తప్పుకొన్న తీరును పరిశీలించే రచనలు అరుదు. అధిరోహణ ఎంత ముఖ్యమో అవరోహణ కూడా అంతే ముఖ్యమని, తరువాతి తరానికి చోటు ఇవ్వడంలో కూడా ఒక ఔన్నత్యం ఉందని మన ప్రాచీన కావ్యాలు బోధించాయి. టెన్నిస్ క్రీడలోని కొందరు మహామహుల నిష్క్రమణలను, నూతన క్రీడాకారుల ఆగమనాన్ని ఆధారంగా చేసికొని ఆ సత్యాన్ని నిరూపించడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

2022 సెప్టెంబరు 23. లండన్ మహానగరంలోని ఓటూ ఎరీనా క్రీడాప్రాంగణం. లేవర్ కప్ పోటీలలో ఆ రాత్రి జరిగిన డబుల్స్ ఆటలో రోజర్ ఫెదరర్, రఫేల్ నాదల్ ఒకే జట్టుగా బరిలోకి దిగారు. ఎదుట నిలిచినవారు అమెరికాకు చెందిన జాక్ సాక్, ఫ్రాన్సిస్ టియాఫో. హోరాహోరీగా సాగిన ఆ ఆటలో చివరకు అమెరికన్ జంటే గెలిచింది. స్విట్జర్లాండ్ దేశస్థుడైన ఫెదరర్‌కు వృత్తి క్రీడాకారునిగా అదే చివరి ఆట. అప్పటికి ఆయన వయస్సు నలభై ఒక్క సంవత్సరాలు.

ఆట ముగిసిన తరువాత ఫెదరర్ కన్నీరు పెట్టుకొన్నాడు. అందులో ఆశ్చర్యం లేదు. కాని ఆయన పక్కనే కూర్చున్న నాదల్ కూడా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకొని కూర్చున్న దృశ్యాన్ని లోకమంతా చూసింది. వారు మిత్రులే, కాని అంతకుముందు ప్రత్యర్థులు. సింగిల్స్‌లో నలభై పర్యాయాలు తలపడ్డారు. ఇరవై నాలుగింటిలో నాదల్, పదహారింటిలో ఫెదరర్ గెలిచారు. 2008 వింబుల్డన్ తుది పోటీలో దాదాపు ఐదు గంటలు పోరాడి ఫెదరర్‌ను ఓడించినవాడు ఈ నాదలే. అట్టి ప్రత్యర్థి తప్పుకొంటూ ఉంటే సంతోషించవలసినవాడు ఎందుకు దుఃఖించాడు? ఫెదరర్‌తోపాటు తన జీవితంలోని ఒక ముఖ్యభాగం కూడా వెళ్ళిపోతున్నదని నాదల్ ఆ రాత్రే చెప్పాడు. ఆ మాటలోని అంతరార్థం తెలియాలంటే మనం కొన్ని సంవత్సరాలు వెనక్కు వెళ్ళాలి.

ఫెదరర్ 1981లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో జన్మించాడు. బాల్యంలో ఆ నగరంలో జరిగే పోటీలలో పెద్ద ఆటగాళ్ళకు బంతులు అందించే పని చేశాడు. 2001లో, పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, వింబుల్డన్ నాలుగో రౌండులో అమెరికా వీరుడు పీట్ సాంప్రాస్‌ను ఎదుర్కొన్నాడు. సాంప్రాస్ అప్పటికి ఆ పచ్చిక మైదానంలో ఏడు పర్యాయాలు విజేత. అంతకుముందు నాలుగేళ్ళూ వరుసగా ఆ కిరీటం ఆయనదే. అక్కడ వరుసగా ముప్పై ఒక్క ఆటలు గెలిచి ఉన్నాడు. ఐదు సెట్లు సాగిన పోరులో ఆ నవయువకుడు ఆయనను ఓడించాడు. ఒక సూర్యాస్తమయానికి, మరొక సూర్యోదయానికి ఆ మైదానమే సాక్షి అయింది.

సాంప్రాస్ మాత్రం వెంటనే ఆటను విడిచిపెట్టలేదు. 2000 వింబుల్డన్ తరువాత రెండు సంవత్సరాలకు పైగా ఆయనకు ఒక్క టైటిల్ కూడా దక్కలేదు. ఆయన పని ముగిసిందని పలువురు తేల్చివేశారు. అట్టి స్థితిలో 2002 యుఎస్ ఓపెన్ తుది పోటీలో ఆయన తన చిరకాల ప్రత్యర్థి ఆంద్రే అగస్సీని ఓడించి పద్నాలుగో గ్రాండ్‌స్లామ్ టైటిల్ సాధించాడు. ఆ తరువాత ఆయన మరొక వృత్తి పోటీలో ఆడలేదు. ఒక సంవత్సరం గడిచాక, 2003 ఆగస్టులో, అదే మైదానంలో వీడ్కోలు చెప్పాడు. విజయంతో ముగింపు పలకడం అంటే ఇదే. కాని ఇట్టి అదృష్టం అందరికీ లభించదు.

స్వీడన్ వీరుడు బ్యోన్ బోర్గ్ 1976 నుంచి 1980 వరకు వరుసగా ఐదు పర్యాయాలు వింబుల్డన్ గెలిచాడు. ఫ్రెంచ్ ఓపెన్‌ను ఆరు పర్యాయాలు గెలిచాడు. అట్టివాడు 1983లో, ఇరవై ఆరేళ్ళకే, ఆటను విడిచిపెట్టాడు. ఎనిమిదేళ్ళ తరువాత, 1991లో, మళ్ళీ మాంటే కార్లో పోటీలో అడుగు పెట్టాడు. అప్పటికి ఆట స్వరూపమే మారిపోయింది. ఆటగాళ్ళందరూ కొత్త పదార్థాలతో తయారైన శక్తిమంతమైన రాకెట్లను వాడుతూ ఉంటే, ఆయన పాత కొయ్య రాకెట్‌తోనే వచ్చాడు. తొలి ఆటలోనే ఓడిపోయాడు. తరువాత రెండేళ్ళు ప్రయత్నించినా ఆ పునరాగమనంలో ఆయనకు ఒక్క గెలుపు కూడా లభించలేదు.

ఈ సందర్భంలో యయాతి కథ స్మరణకు వస్తుంది. నన్నయ భట్టారకుడు ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో ఆ కథను తెలుగువారికి అందించాడు. శుక్రాచార్యుని శాపం వల్ల అకాల వార్ధక్యం పొందిన యయాతి, తన ముసలితనాన్ని తీసికొని యౌవనాన్ని ఇమ్మని కుమారులను యాచించాడు. చిన్నవాడైన పూరుడు మాత్రమే అంగీకరించాడు. దీర్ఘకాలం భోగాలను అనుభవించిన తరువాత, అనుభవించేకొద్దీ కోరిక పెరుగుతుందే కాని తీరదని యయాతి గ్రహించాడు. యౌవనాన్ని పూరునికి తిరిగి ఇచ్చి, రాజ్యాన్ని కూడా అతనికే అప్పగించాడు. యయాతికి దొరికిన అప్పు క్రీడాకారునికి దొరకదు. మోకాలు నొప్పి పెడితే దానిని భరించవలసినవాడు అతడే. ఫెదరర్ మోకాలికి ఒకటిన్నర సంవత్సరం వ్యవధిలోనే మూడు శస్త్రచికిత్సలు జరిగాయి. ఎనిమిది పర్యాయాలు వింబుల్డన్ విజేతగా నిలిచిన ఆయన, 2021లో అదే మైదానంలో, తన చివరి సింగిల్స్ ఆటలోని చివరి సెట్‌ను 0-6తో కోల్పోయాడు. కాలం ఎంతటివాని పట్లనైనా పక్షపాతం చూపదు.

అయితే ఎప్పుడు తప్పుకోవాలి? ఈ ప్రశ్నకు ఒకే సమాధానం లేదు. ఆస్ట్రేలియా క్రీడాకారిణి ఆష్లీ బార్టీ 2022 జనవరిలో స్వదేశంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, రెండు నెలలకే, ప్రపంచ ప్రథమస్థానంలో ఉండగానే ఆటను విరమించింది. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఐదేళ్ళు. బ్రిటన్‌కు చెందిన ఆండీ మరే మార్గం దీనికి భిన్నమైంది. పురుషుల సింగిల్స్‌లో డెబ్బై ఏడేళ్ళ నిరీక్షణ తరువాత 2013లో తన దేశానికి వింబుల్డన్ కిరీటం తెచ్చిన ఆయనకు 2019లో తుంటి కీలుకు లోహపు భాగం అమర్చారు. అయినా మరో ఐదేళ్ళు ఆడి, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆట ముగించాడు. ఒకరు శిఖరం మీదనుంచి దిగారు, మరొకరు లోయలో కూడా నడిచారు. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేము. ఆట మీద ప్రేమ ఎంతవరకు నడిపిస్తుందో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి.

కాబట్టి నిష్క్రమణలోని ఔన్నత్యాన్ని కాలాన్ని బట్టి కొలవకూడదు. తరువాత వచ్చేవాని పట్ల చూపిన మనస్సును బట్టి కొలవాలి. దీనికి నిదర్శనంగా ఒక్క సంఘటన చాలు. 2009 వింబుల్డన్ తుది పోటీ. ఫెదరర్ గెలిస్తే సాంప్రాస్ సాధించిన పద్నాలుగు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళ రికార్డు చెరిగిపోతుంది. ఆ రోజు ప్రేక్షకుల వరుసలో సాంప్రాస్ స్వయంగా కూర్చుని ఉన్నాడు! తన రికార్డు చెరిగిపోవడాన్ని చూడడానికి ఆయన అమెరికానుంచి వచ్చాడు. ఆండీ రాడిక్‌తో జరిగిన ఆ పోరులో ఐదో సెట్‌ను 16-14తో గెలిచి ఫెదరర్ పదిహేనో టైటిల్ అందుకొన్నాడు. ఎనిమిదేళ్ళ క్రితం తనను ఓడించిన యువకునికి సాంప్రాస్ చప్పట్లు కొట్టాడు. కాళిదాసు రఘువంశంలో వర్ణించిన రాజులు వార్ధక్యంలో రాజ్యభారాన్ని కుమారులకు అప్పగించి తపోవనాలకు వెళ్ళారు. కుమారునికి రాజ్యం ఇవ్వడం కొంత సులభం. ప్రత్యర్థికి మనస్ఫూర్తిగా కిరీటం ఇవ్వడం అంతకంటె కష్టం.

ఫెదరర్ టైటిళ్ళు ఇరవైకి చేరాయి. 2022 జనవరిలో నాదల్ ఆ సంఖ్యను దాటి, చివరకు ఇరవై రెండు వద్ద ఆగాడు. సెర్బియా వీరుడు నోవాక్ జోకోవిచ్ 2023లో ఇరవై నాలుగుకు చేరాడు. నాదల్ 2024 నవంబరులో, మలగాలో జరిగిన డేవిస్ కప్ పోటీలో ఓటమితో ఆట ముగించాడు. డేవిస్ కప్‌లో తన మొదటి ఆట ఓడానని, చివరి ఆట కూడా ఓడానని, వృత్తం పూర్తయిందని ఆయన చిరునవ్వుతో చెప్పుకొన్నాడు. పద్నాలుగు పర్యాయాలు తాను గెలిచిన ఫ్రెంచ్ ఓపెన్ మైదానంలో 2025 మే నెలలో ఆయనకు సన్మానం జరిగింది. ఆయన పాదముద్రను ఆ మైదానంలో శాశ్వతంగా నిలిపారు. ఆ సమయంలో ఆయన పక్కన నిలిచినవారు ఫెదరర్, జోకోవిచ్, మరే. జీవితమంతా ఎవరిని ఓడించాలని శ్రమించాడో వారే ఆయన ఆత్మీయులుగా మిగిలారు. ప్రత్యర్థి లేనిదే ప్రతిభకు పదును రాదు. లండన్‌లో నాదల్ కార్చిన కన్నీటికి అర్థం ఇదే.

మన తెలుగునేలకు కూడా ఇట్టి ఘట్టం ఒకటి ఉంది. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2005లో పద్దెనిమిదేళ్ళ వయస్సులో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండుకు చేరింది. అదే సంవత్సరం హైదరాబాదులో డబ్ల్యుటిఎ సింగిల్స్ టైటిల్ గెలిచింది. 2007లో సింగిల్స్‌లో ప్రపంచ ఇరవై ఏడో స్థానం పొందింది. గాయాలు వేధించడంతో ఆమె తరువాత సింగిల్స్‌ను విడిచి డబుల్స్‌కే పరిమితమైంది. అది కూడా ఒక వీడ్కోలే. అయితే ఆ త్యాగమే ఆమెను 2015 ఏప్రిల్‌లో డబుల్స్ ప్రపంచ ప్రథమస్థానంలో నిలిపింది. మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్ళు ఆమె సొంతమయ్యాయి. 2023 జనవరిలో, తన ప్రస్థానం మొదలైన మెల్‌బోర్న్‌లోనే, రోహన్ బోపన్నతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ తుది పోరు ఆడి ఓడిపోయింది. ఆ ఆటను ఆమె కుమారుడు అక్కడే ఉండి చూశాడు. 2023 మార్చి 5న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఆమె తన సొంత ప్రజల ఎదుట చివరిసారి రాకెట్ పట్టింది.

వృద్ధతరం నిష్క్రమించిన రంగస్థలం శూన్యంగా ఉండదు. ఫెదరర్ వీడ్కోలు చెప్పిన ఆ 2022 సెప్టెంబరులోనే స్పెయిన్ యువకుడు కార్లోస్ అల్కరాజ్ పందొమ్మిదేళ్ళకు యుఎస్ ఓపెన్ గెలిచి, పురుషుల ర్యాంకింగుల చరిత్రలో అతి పిన్న వయస్కుడైన ప్రథమస్థానీయుడయ్యాడు. బాల్యంలో మంచుకొండలపై స్కీయింగ్‌లో రాణించిన ఇటలీ యువకుడు యానిక్ సినర్ అతనికి దీటైన ప్రత్యర్థి. 2024, 2025 సంవత్సరాలలో జరిగిన ఎనిమిది పురుషుల సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళను వీరిద్దరే చెరి నాలుగుగా పంచుకొన్నారు. 2025 ఫ్రెంచ్ ఓపెన్ తుది పోరు ఐదు గంటల ఇరవై తొమ్మిది నిమిషాలు సాగింది. ఒకదశలో ఓటమికి ఒక్క పాయింటు దూరంలో మూడు పర్యాయాలు నిలిచిన అల్కరాజ్ చివరకు గెలిచాడు. ఐదు వారాలకే వింబుల్డన్‌లో సినర్ అతనిని ఓడించాడు. జోకోవిచ్ కూడా వీరికి సులభంగా దారి ఇవ్వలేదు. ముప్పై ఏడేళ్ళ వయస్సులో 2024 ఒలింపిక్ స్వర్ణాన్ని అల్కరాజ్‌పైనే గెలిచాడు. 2025లో నాలుగు గ్రాండ్‌స్లామ్ పోటీలలోనూ సెమీఫైనల్స్ చేరాడు. పెద్దలు సులభంగా దారి ఇస్తే పిన్నలకు బలం రాదు. చివరివరకు పోరాడి, ఓడినప్పుడు నిండు మనస్సుతో చేయి కలపడమే పెద్దరికం.

విద్యార్థులారా! మీరు ఇప్పుడు ఆగమన దశలో ఉన్నారు. మీకంటె ముందు నడిచినవారు నెలకొల్పిన ప్రమాణాలను గౌరవించండి, ఆ ప్రమాణాలను దాటడానికి శ్రమించండి. ఏదో ఒకనాడు మీ స్థానంలోకి మరొకరు వస్తారు. ఆనాడు ప్రేక్షకుల వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టగల హృదయాన్ని ఇప్పటినుంచే అలవరచుకోండి. జయాపజయాలు ఆట ముగిసేవరకే. ఆ హృదయం ఆట ముగిసిన తరువాత కూడా మిగిలి ఉంటుంది.

శబ్దార్థాలు

అధిరోహణ = పైకి ఎక్కడం
అవరోహణ = కిందికి దిగడం
నిష్క్రమణ = వెళ్ళిపోవడం, తప్పుకోవడం
ఔన్నత్యం = గొప్పతనం
ప్రత్యర్థి = ఎదుటి పక్షంవాడు
వార్ధక్యం = ముసలితనం
పునరాగమనం = తిరిగి రావడం
నిదర్శనం = ఉదాహరణ
దీటైన = సమానమైన

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. నిష్క్రమణలోని ఔన్నత్యాన్ని దేనిని బట్టి కొలవాలని రచయిత భావించాడు? సోదాహరణంగా వివరించండి.
2. యయాతి కథను, రఘువంశ రాజుల ప్రవర్తనను క్రీడాకారుల జీవితంతో రచయిత ఎట్లా సమన్వయించాడు?

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. 2001 వింబుల్డన్‌లో ఫెదరర్ సాధించిన విజయం ఎట్టిది?
2. ఆష్లీ బార్టీ, ఆండీ మరేల నిష్క్రమణలలోని భేదం తెలపండి.
3. సానియా మీర్జా సింగిల్స్‌ను విడవడం ఆమెకు ఎట్లా మేలు చేసింది?

సందర్భ సహిత వ్యాఖ్యలు

1. యయాతికి దొరికిన అప్పు క్రీడాకారునికి దొరకదు.
2. ప్రత్యర్థి లేనిదే ప్రతిభకు పదును రాదు.

సంధులు

సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
జయాపజయాలు = జయ + అపజయాలు – సవర్ణదీర్ఘసంధి

సమాసాలు

రాజ్యభారం – రాజ్యం యొక్క భారం – షష్ఠీ తత్పురుష సమాసం
జయాపజయాలు – జయమును, అపజయమును – ద్వంద్వ సమాసం