కొండకి పూజ ఎందుకు? పాడేరు దారిలో దొరికిన గోవర్ధన పాఠం



గోవర్ధన పూజ వీడియోలో ఒక ఘట్టం తొందరగా చెప్పి దాటేశాను. కృష్ణుడు కొండ ఎత్తడం అందరికీ గుర్తుంటుంది. అంతకు ముందు ఆయన తండ్రితో చేసిన వాదన మాత్రం పెద్దగా పట్టించుకోం. నేనూ పట్టించుకోలేదు, మొన్న కార్తీక మాసం చివర్లో ఒక కొండ ఎక్కేదాకా.

భాగవతం దశమ స్కంధంలో వస్తుందిది. వ్రేపల్లెలో ఇంద్రయాగానికి ఏర్పాట్లు జరుగుతుంటాయి. వాన ఇచ్చేవాడు ఇంద్రుడు కాబట్టి ఆయనకే పూజ అంటాడు నందుడు. ఏడేళ్ల కృష్ణుడు ఒప్పుకోడు. మనకి పట్నాలు లేవు, అడవుల్లో కొండల్లో బతికేవాళ్లం, మన ఆవులకి మేత పెట్టే ఈ కొండకే పూజ చేద్దాం అంటాడు. చూడండి, మహిమల గురించి ఒక్క మాట లేదు. నీకు అన్నం ఎక్కణ్ణుంచి వస్తోందో అక్కడ దణ్ణం పెట్టు అంటున్నాడు, అంతే.

ఇక మా సంగతి. సీతమ్మకొండ ఎక్కుదామని ముగ్గురం విశాఖ నుంచి బయల్దేరాం. అర్మ కొండ అని కూడా అంటారు. సుమారు 1,680 మీటర్లు, తూర్పు కనుమల్లో చాలా ఎత్తైన వాటిలో ఒకటి. ఇంజనీర్ బుర్ర కదా, బస్సులోనే లెక్క వేసేశాను: ప్రతి 100 మీటర్లకి 0.65 డిగ్రీల లెక్కన శిఖరం మీద విశాఖ కంటే దాదాపు పదకొండు డిగ్రీలు తక్కువ ఉండాలి. ఎస్.కోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే తాటిచెట్లు, జీడితోటలు వెనకపడ్డాయి. సముద్రపు ఉక్క పోయింది. సుమారు 900 మీటర్ల అరకు వచ్చేసరికి స్వెటర్లు తీశాం. లెక్క కరెక్టే అనుకున్నాను.

మర్నాడు తెల్లారి లోయలోని పల్లెలో పళ్లు పటపటలాడాయి, పొగమంచులో పక్క ఇల్లు కనబడలేదు. ఇక్కడే ఇలా ఉంటే పైన ఎలారా అనుకుని మూడు పొరలు వేసుకున్నాను. మాకు దారి చూపడానికి వచ్చిన ఆయన ఆ ఊరి రైతే, యాభై ఏళ్లుంటాయి. నన్ను చూసి నవ్వారు. "అవి తీసేయండి బాబూ. పైకెల్తే ఎండే."

నిజంగానే కాఫీ తోటలు దాటేసరికి చెమటలు. రాత్రిపూట చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుకుంటుంది. అందుకే పొద్దున్న కింద మంచు, వాలు మీద వెచ్చదనం. వంజంగిలో మనం వీడియోలు తీసుకునే మేఘాల సముద్రం కూడా ఇలాంటిదే. నేను కాలేజీలో చదివిన విషయమే, పరీక్షయ్యాక మర్చిపోయాను. ఆయన రోజూ అందులో నడుస్తున్నారు.

కింద వలిసె పూల పసుపు, చోడి చేలు. ఆ పైన సిల్వర్ ఓక్ నీడలో ఎర్రబడుతున్న కాఫీ పళ్లు, చెట్లకి అల్లుకున్న మిరియాల తీగ. ఇంకా పైకెళితే చెట్లు పొట్టివై, గడ్డి వాలు మొదలైంది. గాలి ఒక్కసారిగా మారింది. ఫోన్‌లో చూస్తే శిఖరం దగ్గరే. ఆయన మాత్రం ఆగిపోయారు.

"ఈయేల పైకెల్లొద్దు. కొండ ముసుగేసుకుంటాది."

ఆకాశం నాకు బాగానే కనిపించింది. "బాబాయ్, ఇంకో అరగంటేగా, మ్యాప్‌లో దారి ఉంది" అని వాదించాను. ఇంత దూరం వచ్చి పైకి వెళ్లకపోతే ఎలా అని లోపల కోపం కూడా వచ్చింది. ఆయన వాదించలేదు, కిందికి తిరిగి నడవడం మొదలుపెట్టారు. పావుగంటలో మబ్బు కమ్మేసింది. ముందు నడిచే ఆయన వీపు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన కాలు వేసిన చోటే కాలు వేస్తూ దిగాం. గురువు వెనక నడవడం గురించి ఎన్ని వీడియోలు చేశానో! వాన తడికి రాయి జారుతుంటే ఆ మాటకి అర్థం వేరేగా ఉంది.

దిగాక ఒక చెట్టు కింద ఆగాం. అక్కడ బొట్లు పెట్టిన రెండు రాళ్లున్నాయి. మేం పులిహోర పొట్లాలు విప్పుతుంటే ఆయన చెయ్యి చాచి ఒక పిడికెడు అడిగారు. ఆ రాళ్ల ముందు పెట్టి, దణ్ణం పెట్టి, "ఇప్పుడు తినండి" అన్నారు. అప్పటికే నా నోట్లో ఒక ముద్ద ఉంది.

గోవర్ధనానికి అన్నం రాశులు పోసి నైవేద్యం పెట్టినప్పుడు కృష్ణుడే పెద్ద రూపం ధరించి, నేనే ఈ కొండని అంటూ ఆరగించాడు కదా. ఆ కథ ఎన్నోసార్లు చెప్పాను. ఆ ముద్ద మింగలేక, ఉమ్మలేక అలా కూర్చుండిపోయాను.

ఇదే కొండల వరసలో, అనంతగిరి వైపు, గోస్తని పుడుతుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. బొర్రా గుహల్లోకి ఆవు పడిపోతే వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి శివలింగం కనిపించిందని స్థలకథ. ఆ నది తాటిపూడి రిజర్వాయరు మీదుగా సాగి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు విశాఖకీ వస్తాయి. అంటే ఇన్నాళ్లూ ఈ కొండల నీళ్లు తాగుతూనే ఉన్నాను. కృష్ణుడి వాదన ప్రకారం చూస్తే నేను దణ్ణం పెట్టాల్సిన గోవర్ధనం ఇదే.

మీరు వెళ్లేటట్టయితే ఆ ఊరివాళ్లనే దారి చూపమనండి, డబ్బు ముందే మాట్లాడుకోండి. ఆయన వద్దన్నచోట ఆగండి. చెట్ల కింది రాళ్లని అడక్కుండా ఫొటో తీయకండి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ మొత్తం వెనక్కి తెచ్చుకోండి. తినేముందు ఒక పిడికెడు పక్కన పెట్టండి.

ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకి తన 24 మంది గురువుల గురించి చెబుతాడు. భూమితో మొదలుపెట్టి, అందులోనే కొండ నేర్పిన పాఠం కూడా చెబుతాడు. వచ్చే వీడియో దాని మీదే.