గజ్జె కట్టే ముందు

మీ పాపనో బాబునో కూచిపూడి క్లాసులో చేర్చారు. మంచి పని చేశారు. మొదటి నెల దాటకుండానే గురువుగారిని ఒక మాట అడగాలనిపిస్తుంది: "స్టేజీ ఎప్పుడెక్కిస్తారండీ?" బిడ్డను ఆ అలంకారంలో, ఆ దీపాల మధ్య చూసుకోవాలని ఏ తల్లికి ఉండదు? అయినా ఆ ప్రశ్నను రెండు మూడేళ్ళు మనసులోనే ఉంచుకోండి. ఈలోగా ఇంట్లో మీరు చెయ్యాల్సింది చాలా ఉంది.

రోజూ సాధన మొదలయ్యేది నమస్కారంతో. ఇప్పుడు నిన్ను పాదాలతో తట్టబోతున్నాను, మన్నించమని పిల్ల భూమిని వేడుకుంటుంది. తర్వాత గురువుకు, అక్కడున్న పెద్దలకు మొక్కుతుంది. క్లాసులో పదిమందితో కలిసి చేసేటప్పుడు ఇది గబగబా సాగిపోవచ్చు. ఇంట్లో సాధన చేసేటప్పుడు మాత్రం నిదానంగా చెయ్యనివ్వండి. ఆ కాసేపు టీవీ కట్టేసి మీరూ పక్కన నిలబడండి. నాట్యంలో ఆధ్యాత్మికత ఎక్కడుందని అడిగేవాళ్ళకు నేను ముందు చూపించేది ఈ నమస్కారాన్నే. ఆడేటప్పుడు చెయ్యి కదిలిన వైపే చూపు పోవాలి, చూపుతో పాటు మనసూ పోవాలి. ఆ ఏకాగ్రత పిల్లలకు పాదం నేల మీద ఆనిన దగ్గర్నుంచే అలవడుతుంది. మీది వేరే మతమై ఈ మొక్కుల విషయంలో సంకోచం ఉంటే, చేర్చే ముందే గురువుతో మనసు విప్పి మాట్లాడండి. అడిగితే నొచ్చుకునే గురువులు తక్కువ.

అడుగులు, జతులు గురువు చూసుకుంటారు. కథ మాత్రం మీరు చెప్పాలి. భామాకలాపాన్నే తీసుకోండి. దాన్ని రాసింది సిద్ధేంద్ర యోగి అని చెబుతారు. సత్యభామ తెర వెనక నిలబడి తన పొడుగాటి జడను తెర మీదుగా ఇవతలకు వేస్తుంది. తనకు సాటి ఎవరూ లేరన్న సవాలు అది. ఆ గర్వమే కృష్ణుణ్ణి దూరం చేస్తుంది. ఆమె విరహంతో వేగిపోయి, చెలికత్తె మాధవి చేతికి లేఖ ఇచ్చి పంపి, ఎదురుచూసి చూసి, అహం కరిగాక గానీ ఆయన చేరువ కాడు. దేవుడి కోసం జీవుడు పడే తపనే ఇదని పెద్దలంటారు. పదేళ్ళ పిల్లకు అంత దూరం చెప్పనక్కర్లేదు. "నువ్వెప్పుడైనా అలిగి స్నేహితురాలితో మాట్లాడటం మానేశావా? తను మళ్ళీ పలకరించేదాకా నీకెలా అనిపించింది?" అని అడగండి. ఆ జవాబు రేపు ఆ పిల్ల అభినయంలో కనిపిస్తుంది. అర్థం తెలియకుండా కనుబొమలు ఎగరేయడం నేర్చిన పిల్లకూ, అలకంటే ఏమిటో తలుచుకుని కళ్ళు దించే పిల్లకూ తేడా చూసేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పిల్లల్ని పెంచుతున్నవాళ్ళకు ఇదే విషయం ఇంకొంచెం గట్టిగా చెబుతాను. మీ అమ్మాయి క్షేత్రయ్య పదానికి ఆడుతోందంటే, మంచి తెలుగు ఆ పిల్ల ఒంట్లోకి దిగుతోందన్నమాట. ప్రతి పాటనూ మాట మాటకూ విడదీసి తెలుగులోనే అర్థం చెప్పండి. అర్థం మీకూ తెలియకపోతే అమ్మమ్మకు ఫోన్ చేయించండి. తరంగాలు సంస్కృతంలో ఉంటాయి కాబట్టి వాటికి గురువు సాయం తీసుకోండి. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి ఆడటమే పిల్లలకు వింతగా కనిపిస్తుంది. ఆ పాటలో ఉన్నది కృష్ణుడి బాల్యమని తెలిస్తే ఆ ఆటలో ప్రాణముంటుంది.

మగపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. "అబ్బాయికి డాన్సేమిటి" అని చుట్టాలు అంటే వెనక్కి తగ్గకండి. కూచిపూడి కొన్ని వందల ఏళ్ళు మగవాళ్ళు ఆడిన కళ. కూచిపూడి ఊరి భాగవతుల కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రుడు మాట తీసుకున్నాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా పేరు తెచ్చుకుని 1970లో పద్మశ్రీ అందుకున్నారు. ఆడపిల్లలకు ఈ తలుపులు తెరుచుకున్నది ఇరవయ్యో శతాబ్దంలో. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారి వంటి గురువులు ఆడవాళ్ళకు నేర్పే సాహసం చేశారు. తర్వాత వెంపటి చినసత్యం గారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి ఎందరో అమ్మాయిల్ని తయారుచేశారు. ఈ చరిత్ర మీ ఇంట్లో అబ్బాయికీ అమ్మాయికీ ఇద్దరికీ చెప్పాల్సిందే.

మీ అమ్మాయి స్నేహితురాలు ఇంటికొచ్చి "నాకూ ఒక ముద్ర నేర్పవా" అంటే ఆనందంగా నేర్పనివ్వండి. అది మనవాళ్ళకే అని గీత గీయకండి. అమెరికాలో పుట్టిన ఎస్తర్ షెర్మన్ రాగిణీ దేవిగా భారతీయ నాట్యానికి జీవితం ధారపోశారు. ఆమె కూతురు ఇంద్రాణీ రహమాన్ కోరాడ నరసింహారావు గారి దగ్గర కూచిపూడి నేర్చుకుని దేశదేశాల్లో ప్రదర్శించారు. ఈ రోజు కాలిఫోర్నియాలోని యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్రలో కూచిపూడి డిగ్రీ చదువుగా ఉంది. అయితే ఇచ్చిపుచ్చుకోవడం రెండువైపులా ఉండాలి. ఆ స్నేహితురాలు ఐరిష్ డాన్సో ఫ్లమెంకోనో నేర్చుకుంటుంటే మీ పిల్లను వెంటబెట్టుకుని ఆ ప్రదర్శనకు వెళ్ళండి, ముందు వరసలో కూర్చోండి. మన కళ మీద గౌరవం పెరగడానికి ఇంకొకరిది చిన్నబుచ్చనక్కర్లేదు.

ఒంటి విషయం కూడా చెప్పాలి. మోకాళ్ళు పక్కలకు వంచి నిలబడే అరమండిలో వాటి మీద చాలా బరువు పడుతుంది. టైల్స్ మీద, సిమెంటు గచ్చు మీద గంటలకొద్దీ సాధన చేయించకండి. చెక్క నేల ఉంటే మంచిది. నొప్పి అంటే బద్ధకం అనుకోకుండా గురువుకు చెప్పండి.

ఇక రంగప్రవేశం, అంటే పిల్ల మొదటి పూర్తి ప్రదర్శన. పెద్ద హాలు, వందలమందికి విందు భోజనాలు, రెండు మూడు పట్టు దుస్తులు, వీడియో బృందం... అన్నీ కలిపి పెళ్ళంత ఖర్చు పెట్టేవాళ్ళు ఉన్నారు. స్తోమత ఉంటే మీ ఇష్టం. అప్పు మాత్రం చెయ్యకండి. గుడి మండపంలో గజ్జెపూజ చేసి, ప్రత్యక్ష వాద్యాలతో గంటసేపు ఆడితే ఆ బిడ్డ సాధనకు ఏ లోటూ రాదు. మరో ముఖ్యమైన సంగతి: రంగప్రవేశం అవగానే గజ్జెలు పెట్టెలో పెట్టేసే పిల్లలు ఎక్కువవుతున్నారు. పండుగను మనం గమ్యంగా చేసినందువల్లే ఇలా జరుగుతోంది. ఆ మర్నాడు ఏం నేర్చుకుంటుందో ముందే గురువుతో మాట్లాడి పెట్టుకోండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళు ఈసారి సెలవులకు ఇంటికొచ్చినప్పుడు పిల్లల్ని కూచిపూడి ఊరు తీసుకెళ్ళండి. విజయవాడ నుంచి ఒక్క పూట ప్రయాణం. రామలింగేశ్వరస్వామి గుడి చూపించండి, పక్కనే ఉన్న మొవ్వకు వెళ్ళి క్షేత్రయ్య పదాల్లోని మువ్వగోపాలుణ్ణి చూపించండి. పిల్లలు అక్కడ ఆడతామంటే కాదనకండి.